ఆ ఇంట్లో ఒక్క ఓటు

ఆదివారం కూడా ఉల్యానా భోజనాల బల్ల దగ్గరికి రాలేదు. గిన్నెలో కోడి సూపు పోసుకుని, వంటింటి కిటికీ పక్కన నిలబడే తింటోంది. ఇలా మూడో రోజు.

ముందుగదిలో బల్ల చుట్టూ ముగ్గురున్నారు. ఇంటి పెద్ద జెనోన్, ఆయన భార్య రెగీనా, కొడుకు రాదెక్. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది.

"నీ పెళ్లాన్ని పిలు," అన్నాడు జెనోన్ కొడుకుతో. "ఇంట్లో మనిషి గుర్రంలా నిలబడి తింటుంటే నాకు ముద్ద దిగడం లేదు."

"నేను పిలిస్తే రాదు నాన్నా. పిలవాల్సింది నువ్వు."

"నేనేం పాపం చేశానని?"

జవాబు వంటింట్లోంచి వచ్చింది. "మీ బల్ల దగ్గర కూర్చుని తింటున్నానని లోకమంతటికీ చాటారుగా మామయ్యా. అందుకే నిలబడి తింటున్నాను. మీ మాట అబద్ధమైపోతుందని బాధా?"

రెగీనా తల ఎత్తలేదు. సూపులో తేలుతున్న కొత్తిమీర లాంటి ఆకుల్ని చెంచాతో ఒక పక్కకి తోస్తూ కూర్చుంది.

లోకమంతా అనడం ఎక్కువేం కాదు. పెన్సిల్వేనియాలో ఉన్న జెనోన్ అన్న ఎడెక్, అక్కడి పోలిష్ క్లబ్బుకి అధ్యక్షుడు. అమెరికా ఎన్నిక ఇంకా పదహారు రోజులుంది. మన వాళ్ల ఓట్లు అటూ ఇటూ ఊగుతున్నాయి, నీలాంటివాడు నాలుగు మాటలు చెబితే పనవుతుందని ఎడెక్ అడిగాడు. జెనోన్ పాత కోటు తొడుక్కుని, ఉక్రెయిన్ సరిహద్దు పక్కనున్న ఈ పోలిష్ ఊళ్లో, ఈ ముందుగదిలోనే కూర్చుని, రెండున్నర నిమిషాలు మాట్లాడాడు.

'సైనిక పాలన రోజుల్లో పదకొండు నెలలు జైల్లో ఉన్నవాణ్ని. స్వేచ్ఛ గురించి నాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఈ యుద్ధం ఆపుతానంటున్న మనిషికి వెయ్యండి మీ ఓటు. మేం చెయ్యాల్సిందంతా చేశాం. ఇక చాలు. మా కోడలు ఉక్రెయిన్ పిల్లే. నా బల్ల దగ్గరే తింటుంది. ఆమె మొహం మీదే చెప్తున్నాను, చాలు.'

గురువారం పొద్దుటికి ఆ వీడియో క్లబ్బు దాటింది. సాయంత్రానికి సముద్రం దాటి తిరిగొచ్చింది. శుక్రవారం నాటికి ఎవరో కింద ఉక్రెయిన్ భాషలో అక్షరాలు కూడా వేసి పెట్టారు. దొనెత్స్క్ వైపు ఫిరంగి దళంలో ఉన్న ఉల్యానా తమ్ముడు నజార్ దాకా పోయింది. వాడు ఒక్క ముక్క రాశాడు: 'ఈయన మీ మామగారే కదా?' ఆ తర్వాత ఉల్యానా ఎన్ని రాసినా జవాబు లేదు.

"నిన్న ఆసుపత్రిలో ఒకాయన రక్తం ఇవ్వడానికి చెయ్యి చాపి, నా జేబు మీద పేరు చదివాడు," అంది ఉల్యానా గుమ్మంలోకి వచ్చి. "చదివి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బల్ల దగ్గర తినే పిల్లవి నువ్వేనా అన్నాడు. పక్కనున్న వాళ్లు నవ్వారు. తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో సూది గుచ్చుతున్నాను మామయ్యా. ఇప్పటిదాకా ఎవరూ చెయ్యి లాక్కోలేదు."

"వెధవ ఒకడు వాగితే నాదా తప్పు?"

"ఆ వెధవకి మాట అందించింది ఎవరు?"

"నేను నిన్ను తిట్టలేదు. ఉన్న మాట అన్నాను. రెండున్నరేళ్ల క్రితం రైల్వే స్టేషన్లో మంచులో నిలబడి మూడు వారాలు సూపు పోశాను. నా తుంటి ఎముక అప్పుడు పోయింది. పద్దెనిమిది మంది ఈ గదిలో, ఈ నేల మీద పడుకున్నారు. పండక్కి ఒక్కరైనా ఫోన్ చేశారా? ఇప్పుడా ఎముకకి ఆపరేషనంటే రెండేళ్లు ఆగమంటున్నారు. నా ముందు వరసలో ఎవరున్నారో నేను చెప్పాలా?"

"చెప్పండి. అదీ వీడియో తీసి చెప్పండి."

"ఉల్యా," అన్నాడు రాదెక్.

"నువ్వు ఊరుకో. మూడు రోజులుగా నాకు 'ఉల్యా', ఆయనకి 'నాన్నా' తప్ప నీ నోట్లోంచి మూడో మాట రాలేదు."

రాదెక్ కుర్చీలో వెనక్కి జరిగాడు. సరుకు లారీల కాగితాలు చూసే సరిహద్దు ఆఫీసులో అతనిది ఉద్యోగం. రెండు పక్కల డ్రైవర్లూ తిడుతుంటే మధ్యలో నిలబడటం అలవాటే. ఇంట్లో మాత్రం ఆ అలవాటు పనికి రావడం లేదు.

జెనోన్ చెంచా కింద పెట్టాడు. గొంతు కాస్త తగ్గించాడు.

"చూడు పిల్లా. యుద్ధం ఆగితే నీ తమ్ముడు బతుకుతాడు. నేను కోరుకున్నది వాడి చావా? ఆపేవాడికి వెయ్యమన్నాను. ఇంత చిన్న సంగతి నీ బుర్రకి ఎందుకెక్కదు?"

"ఎక్కడ ఆపుతాడట?"

"ఎక్కడో అక్కడ. గీత గీస్తారు."

"మా అమ్మ రష్యావాళ్లు ఆక్రమించిన బెర్ద్యాన్స్క్‌లో ఉంది. ఆ గీతకి అవతలుంటుందా, ఇవతలుంటుందా? మీరు తెలిసిన మనిషి కదా, చెప్పండి."

ఇరుకున పడ్డప్పుడు జెనోన్ ఎప్పుడూ ఒకే చోటికి వెళ్తాడు. ఇప్పుడూ అక్కడికే వెళ్లాడు.

"నలభై మూడులో వోలిన్‌లో పోలిష్ వాళ్లని చెప్పి మా అమ్మమ్మ వాళ్లని గొడ్డళ్లతో నరికిన మీ ఉక్రెయిన్ వాళ్లకి గీతలున్నాయా?"

"నరికింది నేనా? నజారా? వోలిన్ మా ఊరికి వెయ్యి కిలోమీటర్లు. మా తాత ఆ పేరు కూడా విని ఉండడు." ఉల్యానా గుమ్మం దాటి రెండడుగులు లోపలికి వచ్చింది. "మీ అమ్మమ్మ కోసం నేను ఏటా నవంబరులో దీపం వెలిగిస్తున్నాను మామయ్యా. మీరు మా వాళ్లలో ఒక్కరి పేరైనా సరిగ్గా పలికారా?"

బంగాళదుంపల మీంచి ఆవిరి వెళ్లిపోయింది.

"వీడియో తీయించెయ్యి నాన్నా," అన్నాడు రాదెక్ చివరికి.

"నా చేతిలో లేదు. ఎడెక్ దగ్గరుంది."

"అయితే ఆయన్నే అడుగుదాం."

పెన్సిల్వేనియాలో అప్పుడు ఉదయం ఎనిమిది. రాదెక్ ఫోన్ స్పీకర్లో పెట్టి, బల్ల మధ్యలో ఉప్పు సీసాకి ఆనించాడు. ఎడెక్ చర్చికి బయల్దేరే హడావుడిలో ఉన్నాడు.

"తీసెయ్యడమా? నిన్న క్లబ్బులో పెద్ద తెర మీద వేశామురా అబ్బాయ్. ముసలాళ్లంతా లేచి నిలబడ్డారు. మీ నాన్న ఇక్కడ నిలబడితే వార్డు మెంబరుగా గెలుస్తాడు."

జెనోన్ మొహం వెలిగింది. కనబడకుండా ఉండటానికి రొట్టె తుంచుకున్నాడు.

"పెద్దమామయ్యా, నేను ఉల్యానాని."

"ఓ, బల్ల దగ్గర తినే అమ్మాయివా?"

"అవును. ఆ మాట దగ్గర మీవాళ్లు నవ్వారా?"

"నవ్వలేదమ్మా. చప్పట్లు కొట్టారు."

ఉల్యానా రెండు చేతులూ ఖాళీ కుర్చీ వీపు మీద వేసి గట్టిగా పట్టుకుంది. "మా తమ్ముడి దళంలో రోజుకి ఇన్ని గుండ్లే పేల్చాలని లెక్క కట్టి ఇస్తున్నారు. అమెరికా నుంచి అవి రావడం ఆగిపోయిన రోజు వాళ్లేం చేస్తారో మీ చప్పట్లవాళ్లని అడిగారా?"

"ఇదిగో, ఇలాంటి మాటలే నాకు వినబుద్ధి కాదు." ఎడెక్ గొంతులో హుషారు పోయింది. "ఇక్కడేమన్నా సుఖంగా ఉన్నామనుకున్నావా? నా సొంత కూతురు తన వాకిట్లో అవతల పోటీ చేస్తున్న ఆవిడ పార్టీ బోర్డు పాతుకుంది. నాతో మాటల్లేక రెండు నెలలు. పోయిన వారం క్లబ్బులో ఇద్దరు డెబ్బై ఏళ్లవాళ్లు బీరు గ్లాసులతో కొట్టుకున్నారు. మా ఇళ్లు మేమే తగలబెట్టుకుంటున్నాం. అది మా గొడవ. బయటివాళ్లు వచ్చి ఇటు వెయ్యి, అటు వెయ్యి అంటే ఒళ్లు మండుతుంది. నీకు ఓటుందా?"

"మామయ్యకుందా? ఆయన చేత చెప్పించుకున్నారుగా."

"వాడు నా తమ్ముడు. నేనడిగాను, వాడు చెప్పాడు. సరే, వాడికీ లేదు. మీ ఇంట్లో ఎవరికీ ఓటు లేదు. లేనప్పుడు నోళ్లు మూసుకుని..."

"నాకుంది."

ఆ మాట అంత మామూలుగా వచ్చింది. ఉప్పు అందించమన్నట్టుగా. రాదెక్ ముందు తండ్రి వైపు చూశాడు, తర్వాత భార్య వైపు. అన్నది వాళ్లెవరూ కాదు.

"ఎవరది?" అన్నాడు ఎడెక్.

"రెగీనాని. నాకు ఓటుంది బావగారూ. మీ రాష్ట్రం ఓటే. మీకు పూజకి ఆలస్యమవుతోంది, వెళ్లండి."

రెగీనా చెయ్యి చాపి ఫోన్ ఆపేసింది. తర్వాత లేచి, చల్లారిన బంగాళదుంపల పళ్లెం వేడి చెయ్యడానికి తీసుకెళ్లబోయింది.

"కూర్చో," అన్నాడు జెనోన్.

ఆమె కూర్చోలేదు. పళ్లెం పట్టుకుని నిలబడింది.

రెగీనా పుట్టింది పెన్సిల్వేనియాలో ఒక బొగ్గుగనుల ఊళ్లో అని ఇంట్లో అందరికీ తెలుసు. ఊపిరితిత్తులు పాడైన తండ్రి, చచ్చేలోపు సొంత మట్టి తొక్కాలని ఆరేళ్ల పిల్లని వెంటబెట్టుకుని వెనక్కొచ్చేశాడు. పెళ్లయిన కొత్తలో జెనోన్ ఆమెని స్నేహితులకి 'మా ఇంటి అమెరికా దొరసాని' అని పరిచయం చేసేవాడు. ఆ హాస్యం ఇరవై ఏళ్లు నడిచి, పాతబడి, పోయింది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆమె ఈ ఊరి రైల్వే స్టేషన్లో టిక్కెట్లు ఇచ్చింది. పుట్టిన ఊరు కాగితాల మీద ఉండిపోయింది.

"ఆరేళ్లకి వచ్చేసినదానికి ఓటేమిటి?" అన్నాడు జెనోన్.

"అక్కడ పుట్టినవాళ్లకి ఎక్కడున్నా ఉంటుందట. చివరిసారి ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి ఓటు. లైబ్రరీలో అమ్మాయి చూసి చెప్పింది. ఆగస్టులో దరఖాస్తు పెట్టాను. కాగితం వచ్చింది."

"పెన్సిల్వేనియా," అన్నాడు రాదెక్ నెమ్మదిగా. "అమ్మా, అంతా అక్కడే తేలుతుందంటున్నారు."

"నేనూ వార్తలు వింటాను రాదెక్. చెవులున్నాయి నాకు."

జెనోన్ ఇంకో దారిన ఆలోచిస్తున్నాడు. "దానికి పాస్‌పోర్టో ఏదో ఉండాలిగా."

"ఉంది."

"ఎప్పటినుంచి?"

"యుద్ధం మొదలైన నెల. నువ్వు స్టేషన్లో సూపు పోస్తున్నప్పుడు క్రాకోవ్ వెళ్లి అమెరికా కాన్సులేటులో కాగితాలిచ్చొచ్చాను."

"క్రాకోవ్‌లో మీ చెల్లెల్ని చూసొస్తానన్నావు."

"చెల్లెల్నీ చూశాను."

"ఎందుకు చేయించుకున్నావు?"

"సరిహద్దు మనకి పన్నెండు కిలోమీటర్లు జెనోన్. రేపో మాపో రష్యావాళ్లు ఇటు కూడా వస్తారని వీధంతా కార్లలో పెట్రోలు నింపి పెట్టుకుంది. నాకు కారు నడపడం రాదు. పాస్‌పోర్టు చేయించుకున్నాను."

"నీ ఒక్కదానికే."

రెగీనా పళ్లెం రెండో చేతిలోకి మార్చుకుంది. నలభై ఏడేళ్ల కాపురం వాళ్లది. జెనోన్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. తుంటి పట్టేసింది. బల్ల అంచు పట్టుకుని కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. పట్టుకోవడానికి ఎవరూ ముందుకి రాలేదు.

"కాగితం నింపావా?" అని అడిగాడు తలెత్తకుండానే.

"ఇంకా లేదు."

ఉల్యానా ఖాళీ కుర్చీని వెనక్కి లాగి, మూడు రోజుల తర్వాత మొదటిసారి బల్ల దగ్గర కూర్చుంది. అత్తగారి పక్కన.

*

సోమవారం పొద్దున జెనోన్ బంగాళదుంపల తొక్కు తీశాడు.

రెగీనా వంటింట్లోకి వచ్చేసరికి ఆయన కత్తి పట్టుకుని, దుంపలో సగం తొక్కుతో పాటే చెక్కేస్తున్నాడు. ఆమె చూసి, ఏమీ అనకుండా పాల కోసం వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన కాఫీ కూడా పెట్టాడు.

"రెగీంకా," అన్నాడు. ఆ ముద్దుపేరు ఆ ఇంట్లో వినబడి చాలా ఏళ్లయింది. "నేను నిన్ను బలవంతం చెయ్యను. కానీ నువ్వు ఆలోచించు. ఎనభై ఒకటిలో మనకి పొట్లాలు పంపింది ఎవరు? పాలపొడి, సబ్బు, రాదెక్ అన్నకి మందులు. ఎవరు గట్టిగా ఉంటే అమెరికా గట్టిగా ఉంటుందో నీకు తెలీదా?"

"మందులు ఆలస్యంగా వచ్చాయి," అంది రెగీనా.

జెనోన్ కత్తి ఆగింది. రాదెక్ కంటే ముందు పుట్టి, ఆ చలికాలంలోనే పోయిన పిల్లవాడి మాట ఇద్దరూ ఎత్తరు. ఎత్తింది తనేనని ఆయనకి అప్పుడు తెలిసింది.

"ఆ సంగతి నా ఓటు కోసం వాడుకోకు," అంది రెగీనా. "ఇంకేదైనా వాడుకో."

సాయంత్రం ఉల్యానా వంతు. అత్తగారి జాకెట్లు నాలుగు ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. పక్కన కూర్చుని మోకాళ్ల మీద ఫోన్ పెట్టుకుంది. తెర మీద నజార్ ఇదివరకెప్పుడో పంపిన ఫొటో ఉంది. ఏదో బంకర్లో, దుమ్ము కొట్టుకున్న మొహంతో, ఒక పిల్లిని చంకలో పెట్టుకుని నవ్వుతున్నాడు.

"అత్తయ్యా, వీడికి వచ్చే నెల ఇరవై ఏడేళ్లు వస్తాయి."

"తెలుసు."

"మామయ్య మాటకి మీరేనాడూ ఎదురు చెప్పలేదు. నాకది అర్థమవుతుంది. కానీ ఈ ఒక్క కాగితం మీద మాత్రం..."

"ఆ ఫోన్ లోపల పెట్టు."

ఉల్యానా ఫోన్ బోర్లించింది.

"ఈ పిల్లవాడి గురించి నేను నిన్ను మూడేళ్లుగా అడుగుతున్నాను," అంది రెగీనా. గొంతు పెంచలేదు. "ఎలా ఉన్నాడు, ఏం తింటున్నాడు అని. బాగానే ఉన్నాడత్తయ్యా అనేదానివి. తలుపేసుకుని వాడితో మాట్లాడుకునేదానివి. వాడి దగ్గర పిల్లి ఉందని నాకు ఇవాళ తెలిసింది. ఎందుకు తెలిసిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"మీకు చెప్తే మామయ్యకి తెలుస్తుందని..."

"నా కడుపులో ఎన్ని ఉంటాయో నీకు నిన్న తెలియలేదా?"

ఉల్యానా మొహం ఎర్రబడింది. "మీరు కూడా గురువారం నుంచి ఒక్క మాట అనలేదు. ఆ వీడియో తీస్తుంటే మీరు ఈ గదిలోనే ఉన్నారు. కెమెరా వెనక మీ దగ్గు వినబడుతుంది. అత్తయ్యా, మీరు విన్నారు. విని ఊరుకున్నారు."

రెగీనా ఇస్త్రీ జాకెట్లు తీసుకుని, ఒక్కొక్కటీ విప్పి, తన పద్ధతిలో మళ్లీ మడతపెట్టడం మొదలెట్టింది.

"ఊరుకున్నాను," అంది. "ఇప్పుడు నువ్వూ ఊరుకో."

మంగళవారం జెనోన్ మూడుసార్లు అడిగాడు. బుధవారం అడగడం మానేసి, టీవీ గట్టిగా పెట్టాడు. అందులో ఆ సముద్రానికవతల జనం ఒకళ్ల మొహం మీద ఒకళ్లు వేళ్లు పెట్టి అరుచుకుంటున్నారు. ఆయన ఒక్కో మాటకీ తలూపుతున్నాడు. ఉల్యానా వచ్చి ఏమీ అనకుండా టీవీ కట్టేసింది. ఆయన మళ్లీ పెట్టాడు. ఆమె మళ్లీ కట్టేసి, తీగ గోడలోంచి లాగేసింది.

"ఇది నా ఇల్లు," అన్నాడు జెనోన్.

"ఇంకా ఎన్నిసార్లు చెప్తారు?"

ఆ గోలలోనే రెగీనా పక్కగదిలోంచి బయటికొచ్చింది. చేతిలో అంటించిన కవరు ఉంది. అందరూ చూస్తుండగా దాన్ని తీసుకెళ్లి మేరీమాత పటం కింద అలమరలో నిలబెట్టింది.

"అయిపోయింది," అంది. "రేపు సాయంత్రం పంపిస్తాను. పొద్దున సమాధులు కడగాలి."

"ఇక్కడ పెట్టేస్తావా?" అన్నాడు రాదెక్.

"ఇంట్లో దొంగలెవరూ లేరుగా."

*

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఉల్యానా పొద్దుటి డ్యూటీ ముగించుకుని వచ్చింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నవంబరు మొదటి రోజున ఊరంతా సమాధుల దగ్గరే ఉంటుంది కాబట్టి, వారం ముందే రాళ్లు తోమి పెట్టాలి. రెగీనా బకెట్టూ బ్రష్షూ పట్టుకుని కొడుకుతో కారులో వెళ్లింది.

ఉల్యానా కోటు విప్పలేదు. నజార్ దగ్గర్నుంచి ఇంకా ఏమీ రాలేదు. ఏడో రోజు. ఆమె అలమర ముందు కాసేపు నిలబడింది. తర్వాత కవరు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, కెటిల్లో నీళ్లు పోసి పొయ్యి వెలిగించింది.

ఒక్క ఓటుతో ఏమీ మారదని ఆమెకి తెలుసు. ఈ ఇంట్లో తన కోసం ఒక్కరైనా చెయ్యెత్తారో లేదో తెలిస్తే చాలు. ఎత్తకపోతే ఈ రాత్రికే పెట్టె సర్దుకోవచ్చు. ఎక్కడికి అన్నది తర్వాతి సంగతి.

"నీళ్లు ఎక్కువ పోశావు."

జెనోన్ గుమ్మంలో ఉన్నాడు. ఆమె ఉలిక్కిపడి కవరు వెనక్కి దాచబోయింది. ఆయన కదల్లేదు, కేక వెయ్యలేదు. చేతిలో కళ్లజోడుంది. బూట్లు విప్పి, మేజోళ్లతో చప్పుడు చేయకుండా వచ్చాడు. ఎందుకు వచ్చాడో అడగాల్సిన పని లేకపోయింది.

"ఆవిరి సన్నగా, బలంగా రావాలంటే కొంచెం నీళ్లే పొయ్యాలి," అన్నాడు. "నేను జైల్లోంచి రాసిన ఉత్తరాలు వాళ్లు ఇలాగే తెరిచేవాళ్లు. మళ్లీ అంటించిన చోట ముడతలు పడేవి. రెగీంకా కనిపెట్టేసేది."

ఇద్దరూ కెటిల్ ముక్కు వైపు చూస్తూ నిలబడ్డారు. నీళ్లు ఒంపెయ్యమని ఆయన అనలేదు. వద్దులే అని ఆమె అనలేదు. మూత అదరడం మొదలైంది.

"మెల్లగా," అన్నాడు జెనోన్. "మూల నుంచి పట్టు. కాల్చుకోకు."

వారం రోజుల్లో ఆయన ఆమెతో అన్న మొదటి మంచి మాట అది.

జిగురు వదిలింది. ఉల్యానా రెండు వేళ్లతో కాగితం సగం బయటికి లాగింది. మడత ఒకటి తెరుచుకుంది.

"కళ్లజోడు మీద ఆవిరి కమ్మేసింది," అన్నాడు జెనోన్. "నువ్వే చూడు."

"ఏం చూడాలి?"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. రెగీనా బకెట్టు చేత్తోనే నిలబడి ఉంది. బ్రష్షు కుచ్చుల్లోంచి బురదనీళ్లు నేల మీద కారుతున్నాయి. ఆమె బకెట్టు కింద పెట్టింది. వచ్చి పొయ్యి కట్టేసింది. పోలికలు వెతుకుతున్నట్టు భర్త మొహం, కోడలి మొహం మార్చి మార్చి చూసింది.

"చదవండి," అంది.

"అత్తయ్యా, నేను..."

"ఇంతదూరం వచ్చారుగా. ఆపకండి. జెనోన్, కళ్లజోడు తుడుచుకో. ఉల్యానా, మడత విప్పి గట్టిగా చదువు. ఈయనకి చెవుడు కూడా వస్తోంది."

ఉల్యానా కాగితాన్ని విప్పనూ లేకపోయింది, తిరిగి కవర్లో పెట్టనూ లేకపోయింది. జెనోన్ కళ్లజోడు జేబులో పెట్టుకున్నాడు.

"నిన్ను అడిగితే చెప్పకపోతివి," అన్నాడు గొణుగుతూ.

"నలభై ఏడేళ్లలో నువ్వు నన్ను అడిగింది ఈ వారమే. అదీ జవాబు నువ్వే అనుకుని వచ్చి అడిగావు." రెగీనా కోడలి వైపు తిరిగింది. "నువ్వూ అంతే. ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు, సంతోషం. దానికి నా ఓటు దొంగతనం చెయ్యాల్సి వచ్చింది."

ఆమె కాగితం తీసుకుంది. మడత పెట్టి, తడిసిన కవర్లో పెట్టి, కోటు లోపలి జేబులో వేసుకుంది. నడవాలోకి వెళ్లింది. తిరిగి కనబడినప్పుడు చేతిలో పెట్టె ఉంది. చిన్నదే. అయితే బెల్టులు బిగించి, ఎప్పుడో సర్దినట్టుంది.

వీధిలో కారు ఇంజను ఆపకుండా రాదెక్ ఒకసారి హారను కొట్టాడు.

"ఓటు పంపడానికి పెట్టె ఎందుకు?" అన్నాడు జెనోన్.

"మా అమ్మానాన్నల రాళ్లు తోమాను. మీ వాళ్లవి ఇంకా ఉన్నాయి. పూలవాడికి చామంతులు చెప్పాను, బుధవారం తెచ్చిస్తాడు. పండగరోజు మీరిద్దరూ వెళ్లి పెట్టండి."

"నువ్వెక్కడుంటావు? పండగరోజు నువ్వెక్కడుంటావు, రెగీంకా?"

ఆమె తలకి గుడ్డ కట్టుకుంటోంది. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి బిగిసింది. తలుపు చప్పుడు చెయ్యకుండా వేసి వెళ్లింది.

జెనోన్ కుంటుతూ కిటికీ దగ్గరికి వెళ్లాడు. కారు చర్చి మలుపు తిరిగి, స్టేషన్ వైపు కాకుండా క్రాకోవ్ రోడ్డు ఎక్కింది. ఇక కారు కనబడదని తెలిశాక వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"మడత ఒకటి విప్పావు కదా. ఏమన్నా కనబడిందా?"

ఉల్యానా నేల మీద బురదనీళ్లు గుడ్డతో తుడుస్తోంది.

"కనబడింది."

జెనోన్ గిరుక్కున తిరిగాడు. "ఎవరికి వేసింది?"

ఆమె గుడ్డ పిండింది. బకెట్టు ఎత్తి పక్కన పెట్టింది. లేచి నిలబడి, తొమ్మిదేళ్లలో ఎప్పుడూ చూడనట్టు, మామగారి కళ్లలోకి సూటిగా చూసింది.

"వెళ్లి ఆవిడని తీసుకురండి," అంది. "అప్పుడు చెప్తాను."